కింది దారం

బళ్లు తెరిచే ముందు రెండు నెలలు మా సంచులవాళ్లకు ఊపిరి సలపదు. పిల్లల పుస్తకాల సంచులు రోజుకు ముప్పై దాకా మిషను మీంచి దిగాలి. ఆ ఏడు ఎండాకాలం మాత్రం మిషను కంటే నా నోరే ఎక్కువ ఆడింది. బస్టాండు పేలుడు కేసులో వాదనలు అయిపోయాయి. తీర్పు బళ్లు తెరిచే వారంలో అన్నారు. ఉరా, బతికినంతకాలం జైలా అన్నదొక్కటే తేలాలి. మా వరండాలో రోజూ అదే గోల.

వరండాలో ఉన్నవి రెండు కొట్లు. ఒకటి నాది, పక్కది గడియారాలు బాగుచేసే ఆయనది. కంటికి భూతద్దం తగిలించుకుని, తలెత్తకుండా లోకానికంతా నీతి చెప్పే రకం. ఉరి తప్పంటాడు. ఎంత నేరానికైనా ప్రభుత్వం మనిషిని చంపకూడదంటాడు.

"దేశాన్ని అమ్ముకున్నవాడినైనా?" అని అడిగాను.

"అమ్ముకున్నవాడినైనా."

"మీ ఇంట్లో మనిషి పోయుంటే ఇలా మాట్లాడేవాడివి కాదు."

"మాట్లాడేవాణ్ని కాదు," అని ఒప్పుకున్నాడు. "అందుకే పోయినవాళ్ల తాలూకు మనుషుల్ని జడ్జీ కుర్చీలో కూర్చోబెట్టరు. బయట బల్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్లిస్తారు."

నీ మాట కూడా నీ గడియారాల్లాగే ఎప్పుడూ పది నిమిషాలు వెనకే నడుస్తుందన్నాను. అక్కడున్న నలుగురూ నవ్వారు. నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ని, వాదించడం చేతకాదు. కానీ నా దగ్గరొక మాట ఉండేది, దాన్ని దాటి ఎవరూ ముందుకు పోలేకపోయేవారు. అంతకు ముందు చలికాలంలో బస్టాండులో ఒక సంచీ పేలి పదకొండు మంది పోయారు. అందులో నా భార్య తమ్ముడు ఒకడు. బస్సులకు టైర్లు మార్చేవాడు, ఇరవయ్యారేళ్లు. నన్ను 'సంచీ బావా' అని పిలిచేవాడు. వాడి పేరెత్తితే గడియారాలాయన కూడా భూతద్దం తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని ఊరుకునేవాడు. ఆయన అలా ఊరుకోవడం నాకు బాగుండేది. ఆ ఆరు నెలల్లో నాకు బాగున్నది అదొక్కటే.

పైగా ఆ కేసులో నేను మామూలు మనిషిని కాదు. పెద్ద సాక్షిని.

పేలిన చోట దొరికిన సంచీ ముక్కను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని పోలీసులు ఊళ్లో సంచులు కుట్టేవాళ్లందరి దగ్గరికీ తిరిగారట. నా దగ్గరికొచ్చి కవరు బల్ల మీద పెట్టగానే, వాళ్లు అడక్కముందే ఇది నా కుట్టని చెప్పేశాను. పట్టీ అతికే చోట అందరూ చదరం కుట్టి, లోపల ఇంటూ మార్కు వేసి వదిలేస్తారు. నేను ఆ ఇంటూ మధ్యలోంచి ఇంకో నిలువు కుట్టు దించుతాను. నాకు పని నేర్పినాయన అలా దించేవాడు. బరువు మోసే సంచీకి అది లేకపోతే పట్టీ ఊడిపోతుందని ఆయన నమ్మకం, నా నమ్మకమూ అదే. ఈ చుట్టుపక్కల ఇంకెవరూ అలా కుట్టరు.

ఇన్‌స్పెక్టరు ఒక ఫొటో తీసి చూపించాడు. ఈ మనిషి నీ దగ్గరికి వచ్చాడా అన్నాడు. వచ్చాడు. బాగా గుర్తున్నాడు. మా పాత కొట్టు మెట్టు మీద కూర్చుని, పట్టీలు పొట్టిగా ఉన్నాయని రెండుసార్లు విప్పించి పొడుగు చేయించుకున్న మనిషిని ఎవడు మరిచిపోతాడు? ఇతనికి సంచీ కుట్టిచ్చావా అన్నాడు. కుట్టిచ్చాను. ఈ ముక్క నీ కుట్టేనా అన్నాడు. నా కుట్టే.

మూడూ నిజాలే. కోర్టులో బోనెక్కి ఆ మూడు నిజాలూ మళ్లీ చెప్పాను.

ఆ మనిషి మీద దేశద్రోహం కూడా పెట్టారు. పేల్చినవాళ్లకు తన గదిలో చోటిచ్చాడు, నెల రోజులు తిండి పెట్టాడు, బస్టాండు పటం గీసిచ్చాడు. అవన్నీ వాడే ఒప్పుకున్నాడు. సంచీ మోసుకెళ్లి పెట్టింది మాత్రం నేను కాదన్నాడు. మిగతావాళ్లు సరిహద్దు దాటిపోయారట. సంచీ మోసింది వీడేనని చెప్పగలిగింది నా కుట్టొక్కటే. ఉరి అంటూ పడితే దాని మీదే పడాలని అందరూ అనుకున్నారు.

నేను కుట్టిన సంచీతోనే మావాడు పోయాడన్న మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు. అనాల్సిన పనీ రాలేదు. సంచీకి ఒక మనిషి దొరికాడు కదా, మొత్తం వాడి భుజానికే తగిలించాం.

నా భార్య కొట్లోనే నాతో పాటు పని చేస్తుంది. బాబిన్లకు దారం చుట్టడం, కుట్టిన సంచులు తిరగేసి పోగులు కత్తిరించడం ఆవిడ పని. తమ్ముడు పోయాక మాటలు తగ్గించేసింది. వరండాలో ఉరి సంగతి వస్తే తలెత్తేది. ఒక రోజు గడియారాలాయన వింటుండగానే అంది, వాణ్ని వేలాడదీసిన పూట నేను కడుపునిండా తింటాను అని. ఆయన ఏదో అనబోయి, ఆవిడ చేతిలో కత్తెర చూసి మానుకున్నాడు.

సీజను సగానికి వచ్చిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఆసుపత్రి నర్సమ్మ ఒక పాత సంచీ పట్టుకొచ్చింది. జిప్పు పోయింది, వేరేది వెయ్యి అంది. పాత కొట్టులో ఉన్నప్పుడు నువ్వు కుట్టిచ్చిందే, నా మోకాళ్లు అరిగిపోయాయి గానీ దీనికేమీ కాలేదు అంది. నేను నవ్వి, జిప్పు విప్పడానికి సంచీ తిరగేశాను.

మిషను కుట్టుకు రెండు దారాలుంటాయి. పై దారం సూదిలోంచి వస్తుంది, కింది దారం బాబిన్లోంచి వస్తుంది. సంచీ బయట కనిపించేది పైది. కిందిది లోపలి వైపు ఉంటుంది, తిరగేస్తే తప్ప కనపడదు. నర్సమ్మ సంచీలో కింది దారం నలుపు.

దాన్నలా చూస్తూ ఉండిపోయాను. పాత కొట్టులో అన్నీ నలుపే వాడేవాళ్లం, పైనా కిందా. పేలుడుకు ముందు వానాకాలంలో కప్పు కారి నల్ల దారం పెట్టెలు నానిపోయాయి. అప్పుడే ఈ వరండాలోకి మారాం. నలుపు చాలినంత దొరక్క, దొరికిన ముదురు నీలం పెట్టె ఒకటి తెచ్చాను. లోపల ఎవరు చూస్తారులే అని దాన్ని బాబిన్లకు వాడేశాం. అప్పటినుంచి ఈ కొట్లో కుట్టిన ప్రతి సంచీకీ పైన నలుపు, కింద నీలం.

కోర్టులో గుమస్తా ఆ కవరును నా ముందు తిప్పి చూపించాడు. లోపలి వైపు నీలం. నాకు బాగా కనపడింది. నా కుట్టు ఎలా ఉండాలో అలాగే ఉందనిపించింది. పొద్దున లేస్తే చూసేది ఆ నీలమే కదా, అది కాకుండా ఇంకోటి ఉండేదన్న సంగతే తట్టలేదు. ఆ మనిషి వచ్చింది పాత కొట్టుకి. మెట్టు మీద కూర్చున్నాడు. ఈ కొట్టుకి మెట్టే లేదు.

నర్సమ్మ ఏదో చెబుతూనే ఉంది. జిప్పు రేపు వేసిస్తానన్నాను.

ఆ తర్వాత నాలుగు రోజులు కొట్లో ఉన్న సంచులన్నీ తిరగేసి చూశాను. వాడికి రెండో సంచీ ఏమైనా కుట్టానా అని తలకొట్టుకున్నాను. కుట్టలేదు. రోడ్డు మీద నా సంచీ ఎవరి భుజాన కనపడినా పట్టీ కేసి చూసేవాణ్ని. బస్సులో ఒకామె ఒళ్లో ఉన్న సంచీని అలా చూస్తుంటే, ఆమె దాన్ని గట్టిగా పట్టుకుని అటు తిరిగి కూర్చుంది. కొట్లో వేలి గోరులోంచి సూది దింపుకున్నాను. పాతికేళ్లలో మొదటిసారి.

ఇన్‌స్పెక్టరు దగ్గరికి పోయి, ఆ ముక్కను ఇంకోసారి చూడాలన్నాను. ఎందుకన్నాడు. నసుగుతూ దారం సంగతి చెప్పాను. ఆయన కోప్పడలేదు. తలుపు దగ్గరగా వేసి, కుర్చీ చూపించాడు.

"వాడు ద్రోహి అవునా కాదా?"

"అవును."

"గది ఇచ్చినవాడు సంచీ మోస్తే ఏం, మొయ్యకపోతే ఏం? పదకొండు మందీ లేచొస్తారా? నువ్వు చెప్పాల్సింది చెప్పేశావు. బళ్లకు పిల్లలొచ్చే టైము, పోయి సంచులు కుట్టుకో."

బయటికొచ్చి నడుస్తుంటే, ఆయన చెప్పిందే న్యాయం అనిపించింది. నేను వరండాలో రోజూ అరిచింది ఇదే కదా. వాడు బతకడానికి తగడని ఇప్పటికీ అనుకుంటున్నాను. అనుకోవడానికీ, వాడి మెడకు పడే ఉచ్చు నా మిషను కింద నుంచి పోవడానికీ తేడా ఉందని మాత్రం ఆ నాలుగు రోజుల్లో తెలిసింది. ఆ తేడా ఏమిటో ఎవరైనా అడిగితే చెప్పలేను.

అయిదో రోజు మధ్యాహ్నం, వరండాలో ఎవరూ లేనప్పుడు, నా భార్యతో చెప్పాను. ఆవిడ మిషను చక్రం పక్కన కూర్చుని బాబిన్ చుట్టుతోంది.

"ఆ కోర్టు ముక్కకి లోపల నీలం ఉంది," అన్నాను.

బాబిన్ తిరుగుతూనే ఉంది.

"ఉంది," అంది.

"వాడొచ్చింది పాత కొట్టుకి."

"తెలుసు."

ఎప్పటినుంచి తెలుసని అడిగాను.

"ఆ గుమస్తా దాన్ని తిప్పినప్పుడే. రెండో వరసలో కూర్చున్నాగా. దారం చుట్టేది నేను. నీ కంటికి ఏ రంగైనా ఒకటే."

"మరి చెప్పలేదే?"

బాబిన్ నిండింది. దారం పళ్లతో తెంపి, దాన్ని డబ్బాలో వేసి, ఇంకోటి తీసుకుంది.

"వాడు గది ఇచ్చాడు. తిండి పెట్టాడు. బస్టాండులో జనం ఎక్కడ ఎక్కువుంటారో గీసిచ్చాడు. మోసినవాడు ఇంకెవడో. వాడు దొరకలేదు, వీడు దొరికాడు. నాకు వీడు చాలు."

"నా మాట మీద పోతాడే మనిషి."

"పోనీ. ఇన్నాళ్లూ ఇక్కడ నిలబడి అరిచిందెవరు? నేను అరవమన్నానా?"

ఆవిడ కొత్త బాబిన్ తగిలించి చక్రం తిప్పింది. అది సగం నిండాక చక్రం ఆపి, నా వైపు తిరక్కుండానే, వెళ్లాలనుకుంటే వెళ్లు, మా అమ్మకి మాత్రం నువ్వే చెప్పాలి అంది. ఆ తర్వాత నేను మళ్లీ బోనెక్కే దాకా మేమిద్దరం పనికి కావాల్సిన మాటలే మాట్లాడుకున్నాం. కత్తెర ఇటియ్యి, జిప్పు రన్నర్లు అయిపోయాయి, ఇలాంటివి.

వాడి తరఫు లాయరు ఒక ఆవిడ. జిరాక్సు కొట్టు పైన ఇరుకు గది, కాగితాల మధ్యలో ఆవిడ. నన్ను చూసి భయపడింది. తిట్టడానికి వచ్చాననుకుంది, అప్పటికే చాలామంది వచ్చి తిట్టిపోయారట. నేను దారం సంగతి చెబుతుంటే రాసుకోవడం ఆపేసి వింది. చివరికి, మీ మీదే అబద్ధపు సాక్ష్యం కేసు పెట్టొచ్చు, తెలుసా అంది. నేను అబద్ధం చెప్పలేదన్నాను. అదే అక్కడ చెప్పండి అంది.

"వాడు బయటికొస్తాడా?"

"రాడు. చచ్చేదాకా జైలే. తాడొక్కటే తప్పుతుంది."

"మంచివాడా?"

ఆవిడ కళ్లజోడు తీసి కళ్లు నులుముకుంది. "కాదండీ," అంది.

మళ్లీ బోనెక్కించడానికి పది రోజులు పట్టింది. నర్సమ్మ దగ్గర ఆ పాత సంచీ అడిగి తీసుకున్నాను, కొత్తది ఒకటి కొట్లోంచి తీసుకున్నాను. జడ్జీ రెండూ తిరగేయించి, ముక్కను వాటి పక్కన పెట్టించి, చాలాసేపు చూశాడు. ప్రభుత్వ లాయరు నన్ను ఉతికి ఆరేశాడు. ఎవరు బెదిరించారన్నాడు. ఎవరు కొన్నారన్నాడు. ఈ రంగు సంగతి గుర్తుకు రాకుండా ఇన్నాళ్లూ ఏం చేశావన్నాడు. సంచులు కుట్టానన్నాను. వెనకాల ఎవరో నవ్వారు, ఇంకెవరో 'ద్రోహి' అన్నారు. ఆ మాట అంతకు ముందు ముద్దాయి మీద వాడే మాట. ఆ రోజునుంచి నాకూ వాడారు.

చివర్లో జడ్జీ ముద్దాయిని అడిగాడు, చెప్పుకునేది ఏమైనా ఉందా అని. వాడు లేచి నిలబడ్డాడు. నాకేసి చూడలేదు.

"ఆ సంచీ నాది కాదని మొదట్నుంచీ చెబుతున్నా. నాకిచ్చుంటే మోసేవాణ్ని. ఇవ్వలేదు."

తప్పిపోయిన బస్సు గురించి చెప్పినట్టు చెప్పి కూర్చున్నాడు. నా భార్య రెండో వరసలోంచి లేచి బయటికి నడిచింది. నేను మెట్లు దిగేసరికి ఆవిడ లేదు. ఇంటికి వెళ్తే బట్టలు కొన్ని లేవు. వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిందని తెలుసు, నాలుగు వీధుల అవతలే. వెళ్లి పిలవలేదు.

మూడు బళ్లవాళ్లు ఇచ్చిన పని వెనక్కి తీసుకున్నారు. కుట్టిన సంచులు గోడ వారగా పేర్చి ఉంచాను. గడియారాలాయన, ఉరి తప్పు అని ఎండాకాలమంతా నా చెవిలో జోరీగలా మోగినవాడు, తన బల్ల వరండా అవతలి చివరికి జరుపుకున్నాడు. గిరాకీ భయపడుతున్నారోయ్ అన్నాడు తర్వాత, నా మొహం చూడకుండా. ఉరి వద్దనడం ఆయనకి వరండాలో కూర్చుని చేసే పని, ఉరి కావాలనడం నాకూ అంతే.

తీర్పు పొద్దున్న పదకొండింటికి వచ్చింది. బతికినంతకాలం జైలు. నా మీద కేసు అక్కర్లేదన్నాడు జడ్జీ.

అక్కడినుంచి తిన్నగా అత్తగారింటికి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం, వీధిలో కాకి కూడా లేదు. తలుపు బార్లా తీసి ఉంది. ఆవిడ ఎప్పుడూ అలాగే ఉంచుతుంది, కొడుకు పోయిన రోజున కూడా అలాగే ఉంది. గుమ్మం పక్కన నేల మీద కూర్చుని పాత చీర చింపి గుడ్డముక్కలు చేస్తోంది. నన్ను చూసి పీట ఇటు తోసింది. నేను కూర్చోలేదు. లోపలి గది గుమ్మంలో నా భార్య నిలబడి ఉంది.

"ఉరి లేదటగా," అంది అత్తగారు.

"లేదు."

"నువ్వు చెప్పబట్టేనట."

"అవును. నేనే వచ్చి చెప్పాల్సింది ముందే. రాలేకపోయాను."

ఆవిడ దానికి తలాడించింది. తిట్టలేదు. తిడుతుందని ఎదురుచూసినవాణ్ని, తిట్టకపోయేసరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చీర ఇంకో పేలిక చించింది.

"ఆ సంచీ నువ్వు కుట్టిందేనా బాబూ?"

"నేను కుట్టిందే."

"వాడికి కుట్టింది కాదు."

"కాదు."

"మరెవరికి కుట్టావు?"

ఆ వానాకాలం, ఆ తర్వాతా కుట్టి వేలాడదీసినవి ఎన్నో. దారిన పోయేవాళ్లు కొన్నారు, చిన్న కొట్లవాళ్లు పదీ ఇరవై పట్టుకుపోయారు. ఎవరి మొహమూ గుర్తు లేదు. పట్టీలు పొడుగు చెయ్యమని రెండుసార్లు విప్పించినవాడు గుర్తుంటాడు గానీ, బాగుందని తీసుకుని పోయినవాడు ఎందుకు గుర్తుంటాడు?

"తెలీదత్తయ్యా," అన్నాను.

గుమ్మంలో నా భార్య చెయ్యి తలుపు చట్రాన్ని పట్టుకుంది. ఈ ప్రశ్న ఆవిడా అడగలేదు. ఇన్‌స్పెక్టరు అడగలేదు, లాయర్లు అడగలేదు, గడియారాలాయన అడగలేదు. ఎండాకాలమంతా తాడు గురించి మాట్లాడుకున్నాం.

అత్తగారు చేతిలో గుడ్డ కింద పెట్టింది.

"అయితే ఆ సంచీ పెట్టినవాడింకా బయటే తిరుగుతున్నాడన్నమాట," అంది.

మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా లేచింది. గుమ్మంలోకి వెళ్లి ఎండలో వీధి అటు చివరిదాకా చూసింది, ఇటు చివరిదాకా చూసింది. నేను చెప్పులు వేసుకోబోయాను. లోపలికి జరుగు అంది. తలుపు రెండు రెక్కలూ దగ్గరికి లాగి, బిగుసుకుపోయిన గడియను రెండు చేతులతో నెట్టి వేసింది. గది చీకటైంది. నేను లోపలే ఉన్నాను.